గొల్లభామకు మేత

మా ఇల్లు నరసరావుపేటలో ఊరి చివర. వెనక నాలుగు మొక్కలు వేసుకునేంత పెరడు ఉంది. ఆ ఏడు వానలు వెనకబట్టాక మందార చెట్టు మీదికి ఒక గొల్లభామ వచ్చి చేరింది. వేలెడు పొడుగున, ఆకుపచ్చగా, ముందుకాళ్ళు రెండూ దణ్ణం పెడుతున్నట్టు మడుచుకుని కూర్చునే పురుగు. నాకు పురుగంటే పురుగే. మిరప చేల మధ్య పుట్టి పెరిగినదాన్ని, పురుగుని చూసి ముచ్చటపడడం నాకు చేతకాదు.

ముచ్చటపడింది మా ఆయన. అప్పటికి ఆయన పొట్టలో గడ్డకి గుంటూరులో చేయగలిగినవన్నీ చేసేశారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండమ్మా, ఏది ఇష్టమైతే అది పెట్టండి" అన్నాడు. పెట్టడానికి నేను సిద్ధమే, తినే మనిషేడీ? గోంగూర పచ్చడి అడిగారని రోట్లో నూరి, వేడన్నంలో కలిపి ఇస్తే, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేసేవారు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చేది. కంచం తీసుకెళ్ళి వంటింట్లో గిన్నెలన్నీ ధన్ ధన్‌మని పడేసేదాన్ని.

పొద్దున్నే ఎండ కోసం ఆయన పెరట్లో కుర్చీ వేయించుకునేవారు. ఒకరోజు, రాత్రి లైటు చుట్టూ తిరిగి వరండా గోడకి అంటుకున్న రెక్కల పురుగొకటి ఆయన కంటబడింది. మెల్లగా లేచి దాని రెక్కలు పట్టుకుని తీసుకెళ్ళి గొల్లభామ ముందు ఆడించారు. అది తల తిప్పి చూసింది. చటుక్కున లాక్కుని నమలడం మొదలుపెట్టింది. ఆయన పళ్ళు కనపడేలా నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

అయినా నేనూరుకోలేదు. "అదేంది, దాని తిండి అది ఎతుక్కోదా? మీరు పెట్టడం మరిగితే రేపు దాని గతేంది?" అన్నాను.

"ఇయ్యాళ ఆకలి ఇయ్యాళే గదే. రేపటి గొడవ నీకెందుకు?" అన్నారు.

నా మాటలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. ఇప్పుడూ ఏటా గొల్లభామలు వస్తాయి, నేను వాటికి ఏమీ పెట్టను. కానీ ఆ రోజు నాకొక ఉపాయం తట్టింది. "మీరు రెండు ముద్దలు తింటేనే దానికి పురుగు" అని బేరం పెట్టాను. ఆయన నావైపు కోపంగా చూసి, తిన్నారు. మర్నాడూ తిన్నారు. అది తింటుంటే చూస్తూ, చూస్తూ, తనకి తెలియకుండానే పెరుగన్నం సగం గిన్నె ఖాళీ చేసేవారు. పురుగుని చూస్తే చెప్పు తీసే నేను పొద్దున్నే గ్లాసు పట్టుకుని గోడల వెంట తిరగడం మొదలుపెట్టాను. పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి, "ఏమే, టిఫిను మీ ఆయనకా, పురుక్కా?" అని నవ్వేది.

చలి ముదిరాక పురుగులు తగ్గిపోయాయి. పురుగు దొరకని రోజు ఆయన కంచం ముట్టుకునేవారు కాదు. అప్పుడు వచ్చాడు మా మరిది. బెల్లంకొండ దగ్గర మా సొంతూళ్ళో మిరప వేస్తాడు. వచ్చినప్పుడల్లా అన్న కోసం నాటుకోడి గుడ్లు, గేదె పాలు, ఏవేవో మోసుకొచ్చేవాడు. అన్న ఏదీ తినకపోతే ఎటు చూడాలో తెలియక కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఈసారి గొల్లభామ సంగతి విన్నాడు. తర్వాతి వారం మూతకి బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. నిండా పచ్చపురుగులు.

"చేలో ఒక్కోటీ ఏరుకొచ్చా వదినా. ఎన్ని కావాలంటే అన్ని తెస్తా. అన్న తింటే చాలు" అన్నాడు.

ఆయన ఒక పురుగుని చీపురుపుల్లతో ఎత్తి ఆకు మీద పెట్టారు. గొల్లభామ తినేసింది. మరోటి పెట్టారు. ఆ పూట ఆయన తమ్ముడు చూస్తుండగా గిన్నెడు అన్నం తిన్నారు. వాడు ఏడుస్తూ నవ్వుతూ బండెక్కాడు.

మర్నాడు పొద్దున గొల్లభామ మందార మొదట్లో వెల్లకిలా పడి ఉంది. ముందుకాళ్ళు వణుకుతున్నాయి. డబ్బా మూత తీస్తే గుప్పున పురుగుమందు వాసన. మందు కొట్టిన మర్నాడు పురుగు మగతగా పడి ఉంటుంది, ఏరడం తేలిక. పొద్దస్తమానం పురుగుని చంపడంతోనే సరిపోయే మనిషికి, బతికించడానికి పెట్టే పురుగు వేరుగా ఉండాలన్న ఆలోచన రాలేదు.

నేను మండిపడుతూ ఫోన్ తీశాను.

"పెట్టెయ్యి" అన్నారు ఆయన. కుర్చీలోంచి అంతా చూస్తూనే ఉన్నారు. "వాడికి చెప్పమాక. అన్న చేత అన్నం తినిపించానని సంబరపడి పోయాడు. అదన్నా ఉండనీ వాడికి."

"మరి రేపట్నించి మీరేం తింటారు?" అని అరిచాను. గొల్లభామ కాళ్ళు కదలడం మానేసేదాకా ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మరిది ఇంకో డబ్బా తెచ్చాడు. ఆయన రెండు చేతులా అందుకుని, "పైకొమ్మ మీదికెక్కింది రా, దిగాక నేను పెడతాలే" అన్నారు. వాడు వెళ్ళాక నేను ఆ డబ్బాని పెరటి మూల గొయ్యి తీసి పాతేశాను. ఆయన ఆ తర్వాత సరిగా ఒక్కపూటా తినలేదు. చలి తగ్గకముందే వెళ్ళిపోయారు. ఆయన్ని తీసుకెళ్ళింది గడ్డే, నాకు తెలుసు. కానీ ఆ పెరుగన్నం గిన్నెలు ఇంకొన్నాళ్ళు నడిచేవన్న దిగులు మాత్రం పోదు.

పెద్దకర్మ రోజు భోజనాల బంతిలో మరిది పక్కవాళ్ళతో చెబుతున్నాడు. "ఆఖర్న మా అన్న నాలుగు మెతుకులు తిన్నాడంటే, నేను తెచ్చిన పురుగుల వల్లే. కావాలంటే మా వదిన్ని అడగండి."

అందరూ నావైపు తిరిగారు. నా చేతిలో పప్పు గిన్నె ఉంది. వాడి మీద కోపం అప్పుడూ ఉంది, ఇప్పుడూ పూర్తిగా పోలేదు.

"అవును" అన్నాను. "ఆ రోజు కడుపునిండా తిన్నారు. నువ్వే పొద్దుట్నించి ఏం తిన్లేదబ్బాయ్, తిను."

వాడి విస్తట్లో పప్పు వడ్డించి, వాడు తినేదాకా అక్కడే నిలబడ్డాను.