మట్టి అంటని వీపు

"నొప్పి యాడుంది నాయనా?" అని అడిగితే, "యాడా లేదు, పోయి బువ్వ తిను పోమ్మా" అన్నాడు మా నాయన. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఆ రాత్రే నాయన పోయాడు, తరువాత కొన్నేళ్ళకు నా మొగుడూ పోయాడు. ఇప్పుడు తమ్ముడి కూతురు లక్ష్మి పసుపేసి కాచిన నువ్వులనూనె నా మోకాళ్ళకు రుద్దుతుంటే, ఆ వాసనకు ఆళ్లగడ్డలో నాయన కుస్తీ పట్టిన ఎర్రమట్టి గరిడీ కళ్ళముందు లేస్తుంది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతున్నాను, లక్ష్మి రాస్తోంది.

కర్నూలు రాజధాని అయిన యేడు నుంచి నాయన పేరు మోగింది. చాగలమర్రిలో ఒకడి పళ్ళు రాలాయి, కోయిలకుంట్లలో ఒకడి భుజం గూడు తప్పింది. నాయన చెవులు రెండూ దెబ్బలకు చితికి అల్లం కొమ్ముల్లా ముడుచుకుపోయాయి. గరిడీ మట్టిలో నూనె, మజ్జిగ, నిమ్మరసం పోసి తొక్కేవాళ్ళు. ఆడవాళ్ళం అందులో అడుగు పెట్టకూడదు గనుక ఆడపిల్లలం గోడెక్కి చూసి, ఇంటికొచ్చి పెరట్లో ఒకరి జుట్టొకరు పట్టుకుని అవే పట్లు పట్టి, నోట్లో రక్తం ఉమ్ముకుంటూ ఉగాది ఓళిగలు తినేవాళ్ళం.

వీపు మట్టికి తగిలితే ఓడినట్టు. అందుకని నాయన ఎక్కడ గెలిచినా ఒళ్ళు కడుక్కోకుండా వచ్చి, గడప ముందు వీపు తిప్పి నిలబడేవాడు. అమ్మ చూసి "మట్టి లేదు, రా" అన్నాకే లోపలికి వచ్చేవాడు.

ఒక ఎండాకాలం చివర నంద్యాలకు బళ్ళారి వస్తాదు వచ్చాడు.

"సేన్లో ఇత్తనం ఎయ్యాల, ఈ తూరి పోవద్దు" అంది అమ్మ.

"గెల్సొచ్చి ఏస్తాలే" అని నాయన నన్నూ బండెక్కించాడు.

ఆ బళ్ళారివాడు నాయనను బోర్లా పడేసి, ఎడమచెయ్యి వీపు మీదికి మడిచి తిప్పాడు. వెల్లకిలా దొర్లితే చెయ్యి దక్కుతుంది. "దొర్లప్పా, సెయ్యి పోతాది" అన్నాడు గెలుపోటములు చెప్పే పెద్దాయన. నాయన మట్టి కొరుక్కుంటూ, "నా ఈపు సూడు, మట్టుందా?" అన్నాడు. అంత జనం కేకల్లోనూ ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాడు జడిసి పట్టు వదిలాడు. నాయన ఒంటిచేత్తో వాడి మెడ బిగించి, కాలు తగిలించి వెల్లకిలా కొట్టాడు. వాడి నోట్లోంచి రక్తం చిమ్మింది. నాయన కాలికి వెండి కడియం తొడిగారు.

ఇంటికొచ్చి వీపు తిప్పి నిలబడ్డాడు. అమ్మ వీపు చూడలేదు.

"ఈపు ఎవురిక్కావాల? మడక పట్టే సెయ్యి యాడ?"

అమ్మ "రా" అనలేదు. చివరికి నేనే నాయన కుడిచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. ఎడమచెయ్యి మళ్ళీ చాచింది లేదు. ఆ యేడు అమ్మే మడక పట్టి చేను దున్నింది. ఆడది మడక పడితే వానలు రావని ఊరంతా తిట్టింది. నాయన కడియం కాలితో గట్టు మీద కూర్చుని, తల దించుకుని అవన్నీ విన్నాడు.

ఇప్పుడు గరిడీ పూడ్చి, సిమెంటు వేసి, మోటార్‌సైకిళ్ళు బాగుచేసే కొట్టు పెట్టారు. ఆ చితికిన చెవులున్న మగవాళ్ళెవరూ మిగల్లేదు. అమ్మ చచ్చేదాకా ఆ కుస్తీని గెలుపనలేదు. లక్ష్మీ, గెల్సింది మా నాయనే అని రాయి. రాసినావా? ఏదీ, మొదుట్నుంచి సదువమ్మా, నేను ఇంటాను.