వంతెన వాలు మీద జయపాల్ మాస్టారి క్లచ్

జయపాల్ మాస్టారిని చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మండపేటలో పాతికేళ్ళుగా మెకానిక్కు పని చేస్తున్నాను. ఏడాదిలో ఒకే మోటారుసైకిలుకు మూడుసార్లు క్లచ్ ప్లేట్లు ఎన్నడూ వెయ్యలేదు. ఆయన సోషల్ మాస్టారు. తెల్లచొక్కా నలగకుండా తిరిగే మనిషి, ఆదివారం చర్చిలో బైబిల్ చదివేది ఆయనే. షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మళ్ళీ క్లచ్ జారుతోంది చిట్టియ్యా అన్నారు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలాగ.

నా కోపానికి కారణం ఉంది. కిందటి వారం కాలవ వంతెన ఎక్కే వాలు మీద ఆయన బండి లాగలేక వెనక్కి జారింది. వెనకొస్తున్న రైస్‌మిల్లు లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. వాడు తిన్నగా నా షెడ్డుకొచ్చి నన్ను తిట్టిపోశాడు. ఈసారి కుదరకపోతే మాస్టారు ఏదో లారీ కింద పోతారు, ఆ పాపం నా మెడకు చుట్టుకుంటుంది.

విప్పి చూస్తే ప్లేట్లు మాడి మసైపోయాయి, ఆయిల్లో కాలిన కంపు. కొత్తవి వేశాను, స్ప్రింగులు మార్చాను, క్లచ్ లివరుకు ఉండాల్సిన కాస్త వదులూ ఉంచాను. నా పనిలో వంక లేదు. మరి జబ్బెక్కడ? బండి తుడుస్తుంటే ఎడమవైపు, ఆడవాళ్ళు కాలు పెట్టుకునే మెట్టు కంటబడింది. మిగతా ఇనుమంతా తుప్పు, బురద. అదొక్కటే తోమిన గిన్నెలా మెరుస్తోంది.

మాస్టారి భార్య కృపారాణి గారు పోయి ఏడాది దాటింది. ఆ వాలు మీదే, ఈ బండి కుదుపుకే వెనక్కి పడి పోయారావిడ. ఆ తరవాత ఆయన వెనక ఎవరైనా కూర్చోగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. మరి ఆ మెట్టు మెరవడమేమిటి?

నేను వెనక కూర్చుని చూస్తానన్నాను. ఆయన ముందుగా ఆ మెట్టు కిందికి దించారు. నేను ఎక్కాక కాస్త వెనక్కి జరగమన్నారు. జరిగాను. ఇంకాస్త అన్నారు. క్యారియర్ ఇనుము గుచ్చుకునేదాకా జరిపించారు. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

పొద్దున్న తొమ్మిది గంటల ఎండ. వంతెన దాకా బండి చక్కగా లాగింది. వాలు మొదలవగానే ఇంజను గోల పెట్టింది, బండి మాత్రం నీరసపడిపోయింది. మళ్ళీ ఆ కాలిన వాసన. ఆయన భుజం మీంచి తొంగిచూశాను. ఎడమ చేతి వేళ్ళు నాలుగూ లివరును సగం నొక్కి పట్టుకుని ఉన్నాయి. అలా పట్టుకుంటే ప్లేట్లు మాడక ఏం చేస్తాయి!

"లివరు వదిలెయ్యండి మాస్టారూ," అన్నాను.

"వదిలితే కుదుపొస్తుంది చిట్టియ్యా. వెనక్కి పడిపోతుంది," అన్నారు ఆయన నెమ్మదిగా.

వెనక లారీ హారను మోగింది. బండి ఆగి, వెనక్కి దొర్లడం మొదలెట్టింది. దెయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వే మనిషిని నేను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు, భయమేసింది. రెండు చేతులూ ముందుకు చాచి, మా మధ్యనున్న చోటును చుట్టేసి, ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"నేను పట్టుకున్నానండి. మీరు వదలండి."

ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. బండి ఒక్క కుదుపు కుదిపి, పట్టు దొరికి, వంతెన మీదికి లాగేసింది. లారీ మమ్మల్ని దాటి పోయింది.

వంతెన దిగాక ఆయన బండి ఆపారు. వెనక్కి తిరగలేదు.

"పడలేదు కదా?" అని అడిగారు.

"లేదండి."

మాస్టారు ఏడ్చారు, చాలాసేపు. దారినపోయేవాళ్ళు చూస్తున్నారు. నా చేతులు తిమ్మిరెక్కిపోయాయి. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇక వదులు, దిగుతుంది," అనేదాకా నేను తియ్యలేదు.