నాచు మూట

జేజూ దీవి చుట్టూ తిరిగే బస్సు దారిలో చెడిపోయింది. చంటివాణ్ణి వీపున కట్టుకుని దిగిన మాల్‌సున్‌కి, నాచు మూటతో మొదటి పెళ్లినాటి అత్త ఎదురైంది. కడుపుతో ఉన్న ఏడో నెలలోనూ సముద్రపు నత్తల కోసం మాల్‌సున్‌ని నీళ్లలోకి దింపి, ముందే పుట్టిన బిడ్డ పోతే, బాలింతకు పెట్టే నాచు పులుసైనా పెట్టకుండా వెళ్లగొట్టిన మనిషి. పగకీ నెలలు నిండాలి కాబోలు.

"నిండు నెలలవాడేనా?" ముసలామె గొంతు తగ్గింది. "మా అమ్మాయి యోన్‌హీకీ మొదటిది ముందే వచ్చి పోయింది. మళ్లీ నెల తప్పింది. నువ్వేం చేశావే తల్లీ?"

"ఓటి కడుపుదాన్నన్నావుగా, నన్నడుగుతావేం?"

ముసలామె తల దించుకుంది. మాల్‌సున్ తనివితీరా చూసింది.

"ఒకసారి ముందొస్తే మళ్లీ అలా రావడానికి అవకాశం ఎక్కువట. అందుకే మొదట్నుంచీ డాక్టరమ్మ దగ్గరికి తిరిగా. కూతుర్ని ఇవాళే తీసుకెళ్లు. ఆవిడ మొదటి కాన్పు సంగతి అడుగుతుంది. యోన్‌హీని కూడా కడుపుతో నీళ్లలోకి తోలింది నువ్వేగా? దాని ముందే, నీ నోటితోనే చెప్పు."

"చెప్తానే. ఈ నాచైనా తీసుకో, పులుసు పెట్టుకో."

మాల్‌సున్ మూటను ముట్టుకోలేదు. వీపున బిడ్డను పైకి సర్దుకుని నడిచిపోయింది.