చౌటుప్పల్ రోడ్డు మీద అడగరాని ప్రశ్న

1960ల మధ్యలో ఒక ఎండాకాలం నన్ను చౌటుప్పల్‌లో ట్రాఫిక్ సర్వేకు వేశారు. నా హోదా సర్వే అసిస్టెంట్. చేతి కింద ఇద్దరు గణకులు, పైన హైదరాబాదులో ఒక ఇంజనీరు గారు. నగరం పెరుగుతోంది, రోడ్డు వెంబడి లైట్ రైల్వే వేస్తే ఎట్లా ఉంటుందని పెద్దల ఆలోచన. మామూలు రైలుకంటే తేలికైన పట్టాలు, చిన్న పెట్టెలు, దగ్గర దగ్గరగా ఆగే చోట్లు. అది చౌటుప్పల్ దాకా రావాలా, నగరం అంచునే ఆగిపోవాలా అన్నది మా లెక్క మీద ఆధారపడి ఉంది.

చెప్పుకోవడానికి పని సులువే. బస్సుల దగ్గర నిలబడి, ప్రతి ప్రయాణికుణ్ణీ ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగి ఫారంలో రాయాలి. దీన్ని మేము గమ్యాల సర్వే అనేవాళ్లం. మొదటిరోజు సాయంత్రం ఫారాలు చూస్తే నాకు మతిపోయింది. జనమంతా "గీ పక్క ఊరికే" పోతున్నారట. నగరానికి పోయేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. కళ్లెదుట మాత్రం హైదరాబాదు బస్సు టాపు మీద కూడా జాగా లేదు.

ఇంజనీరు గారు ఫారాలు తెప్పించుకుని చూసి, ఈ లెక్కన చౌటుప్పల్‌కు పట్టాలు దండగ, వారం చివర అదే రాసి పంపుతానన్నారు. మా జిల్లాకు రావలసిన రైలు జారిపోతోందని కడుపు మండింది. అంతకంటే ఎక్కువగా, ఇదెట్లా జరిగిందో తెలుసుకోవాలన్న తహతహ పట్టుకుంది.

మర్నాడు నేనే ఫారం పట్టుకుని నిలబడ్డాను. గొర్రెలు, బర్రెలు పెంచే ఇంటి మనిషి యాదమ్మ నెత్తిన నెయ్యి చట్టితో బస్సు దగ్గరికి వచ్చింది. ఎక్కడికి పోతున్నావమ్మా అని అడిగాను. ఆమె ఆగిపోయింది. పక్క హోటలు అరుగు మీద చట్టి దించి, కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగింది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది.

"పనికి పోయేటోళ్లను పొద్దుగాల ఎక్కడికని అడుగుతరా సారు? ఇగ గీ నెయ్యి అమ్ముడుపోతదా?" అంది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. బయల్దేరినవాళ్లను ఎక్కడికని అడిగితే పోయిన పని చెడుతుందని మా ఇంట్లోనూ పట్టింపే. బాపు చెప్పులు వేసుకుంటే "దూరమా?" అనే అడిగేవాళ్లం. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగినా, అచ్చులో కనబడేసరికి ఆ ప్రశ్న నాకు ప్రశ్నలాగే తోచలేదు, ప్రభుత్వంలాగా తోచింది. జనం మమ్మల్ని మోసం చేయలేదు, వాళ్ల పనిని కాపాడుకున్నారు.

ఆమోదం పొందిన ఫారంలో అక్షరం మార్చే అధికారం నాకు లేదు. కాని దిగేవాళ్లను అడగొద్దని ఎక్కడా లేదు. పొద్దున పోయేవాళ్లు దాచిన ఊరే, తిరిగి వచ్చేవాళ్లకు 'ఎక్కడి నుంచి' అన్న గడిలోకి వస్తుంది. ఆ సాయంత్రం నుంచి దిగేవాళ్లనే అడిగాం. అడగనివి కూడా చెప్పారు. తర్వాతి బస్సుకు పోయివచ్చిన యాదమ్మ తనే నా ముందుకొచ్చింది.

"గిప్పుడు రాసుకోండ్రి, పట్నంకెల్లి వచ్చిన. సగం నెయ్యి మిగిలింది, అంతా మీ పుణ్యమే. మీ రైల్ల చట్టి ఎక్కనిస్తరా, గీ కండక్టర్ లెక్కనే లొల్లి పెడ్తరా?" అంది. చట్టి గురించి ఫారంలో గడి లేదు.

ఇంజనీరు గారు పొద్దుటి ఫారాలూ సాయంత్రపు ఫారాలూ రెండు కట్టలుగా పక్కపక్కన పెట్టుకుని, ఇవి రెండు వేరువేరు ఊళ్ల లెక్కల్లా ఉన్నాయన్నారు. కారణం చెబితే మొదట నవ్వారు. కాసేపటికి వాళ్ల అమ్మ కూడా అంతేనని ఒప్పుకుని, లైనును చౌటుప్పల్ దాకా గీశారు.

ఆ రైలు రాలేదు. నిధులు లేవని పథకం బీరువాకెక్కింది. మా సాయంత్రపు ఫారాలను బట్టి పొద్దున పూట ఇంకో బస్సు మాత్రం వేశారు. తర్వాత ఒకసారి అటు వెళ్లినప్పుడు, ఆ బస్సు కోసం యాదమ్మ చట్టితో నిలబడి ఉంది. ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, దూరమా అని అడిగాను.

"గింత దూరమే సారు" అని బస్సెక్కింది.

జనం ఎక్కడికి పోతున్నారో తెలియాలంటే వాళ్లు తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత నేను చేసిన ప్రతి సర్వేలోనూ ఆగాను.