అత్తయ్యగారి పాసు, నా టికెట్టు

మా అత్తయ్యగారు జర్మనీ వచ్చిన మొదటి నెలంతా నాతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. వంటింట్లో నేను ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నా సరే, హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న మా ఆయన్ని కేకేసి, "ఆమె చాయ్ తాగుతదేమో అడుగురా" అనేవారు. "తాగుతానండి" అని నేను అంటే సరిపోదు. ఆయన అక్కణ్ణుంచి "తాగుతుందటమ్మా" అని తర్జుమా చేస్తేగానీ గిన్నె పొయ్యి మీదకి ఎక్కేది కాదు. ఆవిడది సిద్దిపేట దగ్గర ఊరు, నాది కాకినాడ. ఆవిడ శుక్రవారం తలంటుకుని దీపం పెడతారు, నేను ఆదివారం చర్చికి వెళ్తాను. పెళ్ళికి వచ్చారు, ఒక మూల కూర్చున్నారు, నాలుగు అక్షింతలు వేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఫోన్లలో కూడా నేను "ఆమె"నే.

కోపం రాలేదా అంటే, వచ్చింది. నాకది ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ కోపం కింద ఇంకోటి ఉంది, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. వీసా అయిపోయి తిరిగి విమానం ఎక్కేలోగా ఆవిడ నన్ను ఒక్కసారైనా తన మనిషి అనుకుంటే చాలుననిపించేది. "మీ అత్తగారు మాట్లాడుతున్నారా?" అని మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. "ఆఁ, బాగానే" అని నేను కూర సంగతిలోకి దిగిపోయేదాన్ని.

వాళ్ళమ్మకి నాలుగు దేశాలు చూపిద్దామని మా ఆయన ముగ్గురికీ రైలు పాసులు తీసుకున్నారు. పాసంటే ఫోన్లో ఒక కోడ్, అంతే. మనం ఎంచుకున్న రోజుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఎన్ని రైళ్ళైనా ఎక్కొచ్చు, దిగొచ్చు, దేశం మారినా వేరే టికెట్ అక్కర్లేదు. ఫ్రాన్సు, ఇటలీల్లో పెద్ద రైళ్ళకి సీటు రిజర్వేషన్ తప్పదన్నారని వాటిని వదిలేసి స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పెట్టుకున్నాం. సరిగ్గా వారం ముందు ఆయన ఆఫీసులో ఏదో ప్రాజెక్టు మీద పడింది. "మీరిద్దరూ వెళ్ళిరండి, బావుంటుంది" అన్నారు, ఏ భయమూ లేని మొహంతో.

బయల్దేరేముందు ఒకటికి రెండుసార్లు చెప్పారు: "అమ్మది బయటి దేశాల వాళ్ళ పాసు, జర్మనీలో కూడా ఎన్నిసార్లైనా పనికొస్తుంది. నీది ఇక్కడ ఉండేవాళ్ళది. జర్మనీలో వెళ్ళేరోజు, వచ్చేరోజు మాత్రమే చెల్లుతుంది." ఇన్నేళ్ళుగా ఇక్కడ టాక్సులు కడుతున్నదాన్ని నేను, ఊరంతా తిరిగే హక్కు నిన్న దిగిన ఆవిడకి. ఒళ్ళు మండింది గానీ, సూట్‌కేసు సర్దే హడావుడిలో ఆ ముక్క పక్కన పడేశాను.

అత్తయ్యగారికి నచ్చనిది వేరే. "సీటు నంబరు లేకుంట టికెట్ ఏంది?" అని కొడుకుని నిలదీశారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చని ఆయన చెప్తే, "బస్సు లెక్కనా" అని పెదవి విరిచారు.

శనివారం పొద్దున్న ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్లో ఎక్కి కూర్చున్నాం. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ప్రయాణానికి ముందు అరనిమిషం ప్రార్థన మా అమ్మ నేర్పిన అలవాటు. కళ్ళు తెరిచేసరికి అత్తయ్యగారు గడియారం చూసుకుంటున్నారు. రైలు కదలడం లేదు. ఇంజనులో ఏదో లోపమని అనౌన్స్‌మెంట్ వచ్చింది. ఆవిడ కొడుక్కి ఫోన్ కలిపారు. ఆయన శనివారం కూడా ఆఫీసు మీటింగులో ఉన్నారు, ఎత్తలేదు. మళ్ళీ కలిపారు, ఎత్తలేదు. అప్పుడు పెళ్ళయ్యాక మొదటిసారి నా మొహంలోకి చూసి నాతోనే అన్నారు: "దిగుదాం."

"ఎందుకండీ?"

"రాహుకాలం సొచ్చింది."

"ఎక్కింది ముందే కదండీ."

"బండి కదిలినంకనే ప్రయాణం లెక్క. ఇంక కదల్లే గద."

సంచి పట్టుకుని దిగిపోయారు. చచ్చినట్టు నేనూ దిగాను. మేం దిగిన రెండు నిమిషాలకి ఆ రైలు హాయిగా వెళ్ళిపోయింది. పాసు ఉంది కాబట్టి బతికిపోయాం, వేరే టికెట్ అయితే ఆ రోజు నా నోట్లోంచి ఏం వచ్చేదో నాకే తెలీదు.

ఇంక అక్కణ్ణుంచి మా ప్రయాణం పంచాంగం ప్రకారమే నడిచింది. ఆ రాహుకాలం కూడా మామూలుది కాదు. ఇండియా టైమా, ఇక్కడి టైమా అని నేను వాదన పెట్టుకుంటే, సూర్యుడు ఎక్కడ పొడిస్తే అక్కడి లెక్కే అని తేల్చేశారు. ఎండాకాలం ఇక్కడ పగలు సాగీ సాగీ రాత్రి తొమ్మిది దాటుతుంది కదా, దాంతోపాటు రాహుకాలం కూడా రెండు గంటలకి సాగింది. ఊళ్ళో గంటన్నరతో వదిలేసేవాడు, యూరప్ వచ్చేసరికి రాహువుకి కూడా ఓవర్‌టైమే.

స్విట్జర్లాండ్ రైళ్ళు అన్న టైముకి కదిలేవి. ఆవిడకి ఆ దేశం మీద గురి కుదిరింది. "గీ ప్రభుత్వం సల్లగుండాలె" అని దీవించారు కూడా. కోడ్ చూడ్డానికి వచ్చిన టికెట్ కలెక్టర్‌కి తన ఫోన్ తనే తీసి చూపించేవారు, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

బుధవారం మధ్యాహ్నం లూసెర్న్‌లో రాహుకాలం గడిచేదాకా స్టేషన్ ఎదురుగా సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. రెండు గంటలు. పక్కన కొడుకు లేడు. ఎంతసేపని బాతుల్ని చూస్తాం? ఆవిడ సంచిలోంచి సకినాలు తీసి మా మధ్యలో పెట్టారు. కాసేపటికి, "మీ అమ్మ సర్చికి తెల్లచీరనే కడ్తదా?" అని అడిగారు.

"ఎక్కువగా తెల్లవేనండి. పండగలకి పట్టుచీర కూడా కడుతుంది."

"నీ పెండ్లికి తెల్లచీర కడ్తివి. నాకు పానం జల్లుమన్నది. మా దిక్కు తెల్లచీర ఎప్పుడు కడ్తరో నీకెర్క లేదా?"

ఎరికే. కానీ మా వైపు పెళ్ళికూతురు తెలుపే కడుతుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కొడుకు పెళ్ళిలో ఆ మూల కూర్చుని ఎంత భయపడిపోయి ఉంటారో అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ దాన్ని పొగరనుకున్నాను. మా పెళ్ళిళ్ళ సంగతంతా చెప్పాను. విని, "మంచిగున్నదే" అన్నారు, చీర గురించో సకినం గురించో తెలియకుండా.

సాయంత్రం రైలు కదిలేముందు నేను కళ్ళు తెరిచేసరికి నన్నే చూస్తున్నారు. "ఏమని మొక్కుతవ్?"

"క్షేమంగా చేర్చమని అండి."

"నా పేరు గూడ చెప్తవా?"

"మొదటి రోజు నుంచీ చెప్తున్నానండి."

కిటికీ వైపు తిరిగారు. సొరంగాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆవిడ అటే చూస్తూ కూర్చున్నారు. ఇలాంటి మనిషి మనసులో ఏముందో కనిపెట్టడం నా వల్ల కాదనుకున్నాను.

గురువారం ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి మ్యూనిక్ వచ్చాం. ఆ ఊరి శివార్లలో, ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా పిన్ని కూతురు ఉంటుంది, రాత్రి అక్కడ పడుకుని మర్నాడు ఇంటికి. అక్కడ పడింది చిక్కు. జర్మనీలోకి తిరిగొచ్చిన రోజుతో నా పాసు పని అయిపోయింది. మర్నాటికి నాకని మా ఆయన ముందే చవగ్గా ఒక టికెట్ కొనేశారు. ఆ టికెట్‌తో ఆ ఒక్క రైలే ఎక్కాలి, వేరేది ఎక్కితే చెల్లదు. అత్తయ్యగారి పాసుకి మాత్రం ఏ రైలైనా ఒకటే. నా రైలు శుక్రవారం పన్నెండు గంటలకి కొంచెం ముందు. శుక్రవారం రాహుకాలం పదకొండు దాటాక మొదలై ఒంటిగంట దాటేదాకా ఉంటుంది. కొడుక్కి రాహుకాలం చూసే అలవాటు ఎప్పుడో పోయింది, మరి కొనేటప్పుడు ఎలా గుర్తుంటుంది?

సెలవుల ముందు శుక్రవారం, ఫోన్లో కొత్త టికెట్ ధర చూసి మా చెల్లెలే వద్దంది. నాకు తిక్క రేగింది. కానీ తిక్కలో కూడా పద్ధతిగానే ఆలోచించాననుకుంటాను. "అత్తయ్యగారూ, మీరు మంచి టైము చూసుకుని తర్వాతి రైల్లో రండి. నేరుగా ఫ్రాంక్‌ఫర్టే, ఎక్కడా మారక్కర్లేదు. చెల్లి కూర్చోబెడుతుంది. నేను ముందు దిగి ప్లాట్‌ఫామ్ మీదే ఉంటాను" అన్నాను. ఆవిడ సరేననలేదు, కాదనలేదు. లోకల్ రైల్లో మ్యూనిక్ స్టేషన్ దాకా నోరు విప్పలేదు. మొదటి నెలలోలాగే అయిపోయింది వ్యవహారం. వారమంతా బెంచీల మీద కూర్చుని సంపాదించుకున్నది ఒక్క మాటతో పోగొట్టుకున్నాననిపించి, దిగులేసింది.

నా రైలు వచ్చి ఆగింది. చెల్లి నన్ను కౌగిలించుకుంటోంది. ఈలోగా అత్తయ్యగారు సంచి భుజానికి తగిలించుకుని, మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని, మెల్లగా నా పెట్టెలోకి ఎక్కేశారు.

పరుగెత్తాను. "మీది తర్వాతి రైలండీ."

"నీది గిదే గద?"

"అవునండి."

"మరి?"

ఖాళీ సీట్లు చూసి కిటికీ పక్కన కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఏదో స్తోత్రం. అది అయ్యాక నా వైపు చూడకుండా అన్నారు:

"రాహుకాలంల నిన్నొక్కదాన్నే పంపి, నేను మంచి గడియ జూసుకొని ఎన్కంగ రావాల్నా? ఏమన్నయితే నిన్నెవలు జూస్తరు?"

ఆవిడ నమ్మకం వదులుకోలేదు. ఏదో కీడు జరుగుతుందని మనసారా నమ్ముతూనే, నా కోసం ఎక్కారు. "ఏం కాదండీ" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"కాకుంటే మంచిదే. కూసో. నీ ప్రార్థన జేసుకో."

కూర్చున్నాను. నేను కళ్ళు మూసుకోగానే ఆవిడ నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు, గట్టిగా. రైలు కదిలింది. ఎక్కడ కాస్త కుదిపినా ఆ పట్టు బిగిసేది. ఆగ్స్‌బర్గ్ దాటాం, ఉల్మ్ దాటాం. ఒంటిగంట దాటాక గడియారం చూసి, రాహుకాలం అయిపోయిందని ఆవిడే చెప్పారు. చెయ్యి మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వదల్లేదు.