పెద్దమ్మకు నచ్చిన గొంతు

నా కథల పుస్తకం ప్రతులన్నీ అయిపోయాయి. మళ్ళీ అచ్చు వేయడం కష్టమనీ, ఆడియో బుక్ చేద్దామనీ పబ్లిషర్ అన్నారు. మనిషి చేత చదివిస్తే ఖర్చట, కంప్యూటర్ గొంతు పెట్టారు. నాకది అస్సలు నచ్చలేదు.

ఈ రోజు ప్రత్తిపాడు వెళ్ళాను. చదువు రాని మా పెద్దమ్మ వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అమ్మ మీద నేను రాసిన కథ ఫోన్‌లో పెట్టాను. అమ్మ ఆఖరి రోజుల దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. కారం అంటకుండా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఎవరే ఆ పిల్ల? ఎంత బాగా చదివిందే!"

"పిల్ల కాదు పెద్దమ్మా, కంప్యూటర్. అందులో మనిషెవరూ లేరు."

"ఊరుకోవే! మీ అమ్మ పోయిన కాడ ఆ పిల్ల గొంతు పూడుకుపోయింది. నేను విన్లా?"

ఆ గొంతు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుందని నాకు తెలుసు. అయినా ఇద్దరం మళ్ళీ విన్నాం. ఈసారి నాకూ పూడుకుపోయినట్టే వినిపించింది!

బయల్దేరేటప్పుడు, ఆ పిల్లని ఓసారి భోజనానికి తీసుకురమ్మంది పెద్దమ్మ. సరేనన్నాను. ఎవర్ని తీసుకెళ్ళాలో మీరే చెప్పండి.