ఎనిమిదో గొంతు

నల్లగండ్ల పిల్లల బడి ఆయమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా వాట్సాప్‌లో కబురు వచ్చింది. అక్కడే ఏడ్చేశాను. అంతలోనే ఆమె నాకు పెట్టిన చీవాట్లు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. పక్కసీటామె నన్ను అదోలా చూసింది.

మూడేళ్ల కిందట ఆ బడి ఉన్న అపార్టుమెంట్లవాళ్లు ఆటస్థలం కట్టిస్తూ, అది ఎలా ఉండాలో పిల్లల్నే అడిగి చెప్పమని నన్ను పిలిచారు. నాది ఇలాంటి పరిశోధన పనే. నాలుగైదేళ్ల పిల్లల్ని ఎనిమిదిమందిని చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో రికార్డరు పెట్టి మాట్లాడించాలి. తల్లిదండ్రులు సంతకాలు చేసిన కాగితాలు పట్టుకుని దర్జాగా వెళ్లాను. ఒక పిల్లాడి ముక్కు తుడుస్తున్న ఆయమ్మ తలైనా ఎత్తలేదు.

"సంతకం వాళ్లమ్మ పెట్టింది. గొంతు పిల్లలది గదా బిడ్డా. వాళ్లనడిగినవా?"

అడగలేదు. సిగ్గుపడి ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ సరేనని తలలూపారు, కొందరు రికార్డరు తమకే ఇచ్చేయాలన్నారు.

మూడు రోజులు మాట్లాడించి, తీరా వింటే చేపల బజారే. ఎవరు ఏమన్నారో తెలిస్తే ఒట్టు. ఆయమ్మను బతిమాలి కూర్చోబెట్టాను. ఆమె తువ్వాళ్లు మడతపెడుతూ ఏ గొంతు ఎవరిదో చెప్పుకుపోయింది. దగ్గు విని కూడా పేరు చెప్పింది. ఒకచోట అది మాట కాదనీ, ఫలానావాడు చాప గోకుతున్నాడనీ తేల్చింది. మూడు రోజుల రికార్డింగులూ అయ్యాయి. హమ్మయ్య అనుకుని ల్యాప్‌టాప్ మూయబోయాను.

"ఏడుగురే మాట్లాడిన్రు. ఎనిమిదో పిల్ల ఏది?"

లెక్కపెట్టి చూశాను. రాయలసీమ నుంచి కొత్తగా వచ్చిన పాప మూడు రోజులూ చాప మీదే ఉంది, ఒక్క మాటా ఆడలేదు. నేనేమో పిల్లలంతా బడిలో ఉన్న చిన్న జారుడుబండకు బదులు పెద్దది కావాలన్నారని రాసేసుకున్నాను. నివేదిక మర్నాడు సాయంత్రానికి ఇవ్వాలి. ఏడుగురు చాల్లే అని నసిగాను. మరి ఆ పిల్ల ఆడుకోదా అని అడిగింది ఆయమ్మ.

పొద్దున్నే మళ్లీ కూర్చున్నాం. పాప వంతు వచ్చింది. పలకలేదు. మాట అందిద్దామని నోరు తెరిచాను. ఆయమ్మ నా మోకాలు నొక్కింది. ఆమె చూపు చూసి మిగతా ఏడుగురూ నోళ్లు మూసుకున్నారు, అదొక వింత. చాలాసేపటికి పాప అంది:

"జారుడుబండ మద్దేన్నం కాల్తాది. నీడ కావల్ల."

ఇంకేముంది, నాకూ కాలిందంటే నాకూ అని ఒకటే గోల. ఒకడు లేచి పిక్క చూపించాడు. ఆయమ్మ పగలబడి నవ్వింది. నివేదికలో మొదటి వాక్యమే మార్చాను. ఇప్పుడు అక్కడి కొత్త జారుడుబండకు పైన పందిరి ఉంది.

పని ముగిశాక, తల్లిదండ్రులకు ఇచ్చిన మాట ప్రకారం రికార్డింగులన్నీ చెరిపేశాను. ఆయమ్మ నవ్వూ వాటితోనే పోయింది. బాధగానే ఉంది. ఆమె ఉంటే మాత్రం, చెప్పినట్టు చేసినవ్ పో, ఇగ ఏంది నీ ఫికర్ అనేది.

నిన్న ఆమె కోసం బడిలో అందరం కలిశాం. ఆ పాప ఇప్పుడు రెండో తరగతి. తానూ మాట్లాడతానని మైకు తీసుకుంది. రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అలా నిలబడే ఉంది. వాళ్లమ్మ ఏదో అందించబోయి, ఆగి, వెనక్కి ఆనుకుంది.

"ఆయమ్మ జడ శానా గట్టిగా ఏస్తా ఉండె. నొప్పి పుడతా ఉండె. అయినా నేను ఆయమ్మ కాడికే పోతా ఉంటి."

ఎవరో ఫక్కున నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ అందరం నవ్వాం. టీచరు మైకు కోసం చెయ్యి చాపింది. పాప ఇవ్వలేదు. ఇంకా ఉందని తల ఊపింది.